తిన్నదానికి నడక జరిమానా కాదు

కర్నూలు, కడప జిల్లాల నడక మిత్రుల ఉద్యమ ప్రణాళిక

ఆదివారం బిర్యానీ, సోమవారం తెల్లారుజామున కె.సి. కెనాల్ గట్టు మీద రెండు రౌండ్లు ఎక్కువ. పెండ్లిలో నాలుగు ఓళిగలు, మరుసటి రోజు జిమ్ములో ఇంకో గంట. "ఈ రోజు తిందాం, రేపు కరిగిద్దాం" అనే ఈ ఒప్పందాన్ని రద్దు చేయడానికే మేం కూడాం.

ఎందుకు?

లెక్క కుదరదు. ఒక పెద్ద చెంచా నూనెలో, అంటే 15 గ్రాముల్లో, 135 కేలరీలు. 60 కిలోల మనిషి అరగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేదీ దాదాపు అంతే. ఉగ్గాని పక్కన పెట్టే బజ్జీలు ఎంత నూనె తాగుతాయో వేయించేవాళ్ళనడగండి. టాంజానియాలో వేటాడి బతికే హడ్జా తెగ మీద 2012లో ఒక అధ్యయనం వచ్చింది. రోజూ మైళ్ళు నడిచే వాళ్ళు ఖర్చుచేసే శక్తి, ఒంటి బరువును బట్టి చూస్తే, పాశ్చాత్యుల కంటే ఎక్కువేమీ లేదని తేలింది.

అలవాటు మిగులుతుంది. మోకాలు నొప్పి వస్తే, ఎండ 42 డిగ్రీలు దాటితే నడక ఆగుతుంది. తిండి ఆగదు.

తిండిని పనితో తూచడం మన నేల మీద పాత గాయం. 1876–78 కరువు మన రెండు జిల్లాలనూ ఊడ్చేసింది. సహాయ పనుల్లో రోజంతా చాకిరీ చేసిన మగమనిషికి ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల గింజలు, పైన కాస్త చిల్లర చాలని 1877లో బ్రిటిష్ ప్రభుత్వ కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. చెమటకు తిండిని తూచిన ఆ దొర తక్కెడను, కడుపు నిండిన కాలంలో మనకు మనమే ఎత్తుకున్నాం. దాన్ని దించేద్దాం.

మా తీర్మానాలు:

1. తిన్నా తినకున్నా నడుస్తాం. వారానికి కనీసం 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అది గుండెకు, చక్కెర అదుపుకు, నిద్రకు. నిన్నటి విస్తరితో దానికి పనిలేదు.

2. బంతిలో "ఇంగ రోంత ఏసుకో" అని బలవంతపెట్టం. విస్తరికి చెయ్యి అడ్డం పెడితే అదే ఆఖరి మాట.

3. పండగనాడు ఓళిగ నెయ్యేసుకునే తింటాం. మరుసటి రోజు పస్తుండం, ఆకలైనప్పుడు ఆకలికి తగ్గట్టు తింటాం.

4. కొర్రన్నమైనా, రాగి సంగటైనా, ఆరోగ్యమనే పేరుతో రెండింతలు పెట్టుకోం.

5. అందరికీ వడ్డించి, మిగిలింది పారేయలేక తినే ఆడవాళ్ళకు నడిచే తీరికా ఉండదు. ఇంటి పని పంచుకుంటాం. గట్ల మీద, చెరువు కట్టల మీద దీపాలు వేయమని మునిసిపాలిటీలను అడుగుతాం.

6. తిన్న భయంతో కడుపు మాడ్చుకుని, ఒళ్ళు హూనమయ్యేదాకా పరిగెత్తే పిల్లలను పట్టుదల గలవాళ్ళని మెచ్చుకోం. అది జబ్బు కావచ్చు. డాక్టరు దగ్గరికి తీసుకుపోతాం, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోను చేయిస్తాం.

చేరడానికి రుసుము లేదు, బరువు తూచేది లేదు. చెప్పులేసుకుని రండి. ఎన్ని కేలరీలు కరిగాయని మాత్రం ఎవరినీ అడక్కండి.