గండికోట గుడారాలు – యక్షుని ప్రశ్నలు

భారతీయ వాఙ్మయంలో జలాశయతీరం విశ్రాంతిస్థానం మాత్రమే కాదు, పరీక్షాస్థానం కూడా. మహాభారతంలో అరణ్యపర్వం ముగింపునకు వచ్చే వేళ పాండవులు దప్పికతో అలమటించి ఒక సరస్సును సమీపిస్తారు. నీరు నిర్మలం, తీరం నిర్జనం, వారించే రాజభటుడు ఎవ్వడూ లేడు. అయినా ఒక అదృశ్యవాణి వినబడుతుంది: ముందు ప్రశ్నలకు సమాధానం, ఆ పిదపనే జలపానం. ఆ మాటను లక్ష్యపెట్టక నీరు త్రాగిన నలుగురు సోదరులు నేలకొరిగారు. వారు చోరులు కారు, దుష్టులు కారు, కేవలం దాహార్తులు. ఆ నీటికి ఒక స్వామి ఉన్నాడని తెలిసి కూడా తమ దాహమే ముందనుకోవడం వారి దోషం. ధర్మరాజు సైతం దాహార్తుడే. ఆయన ఆగి, విని, బదులు చెప్పాడు. ఆ ఆగడమే ధర్మం.

ఈ ఆఖ్యానాన్ని పురాణకాలక్షేపంగా వదిలివేయడానికి వీలులేని కాలం ఇది. కడప జిల్లాలో, జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరాన, ఎర్రమల కొండలను చీల్చుకొని పినాకినీ నది ప్రవహించే చోట గండికోట ఉన్నది. సుమారు 300 అడుగుల లోతైన లోయ, దానికి ఇరువైపులా ఎర్రని శిలాకుడ్యాలు, అడుగున నిశ్చలమైన నీరు. భూవిజ్ఞానులు ఇక్కడి శిలాస్తరానికి గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు పెట్టారు; ఆ శిల వయస్సు వందకోట్ల సంవత్సరాలకు పైబడినది. కోటకు ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం. చుట్టూ వర్షాభావంతో ఎండిన సీమ. మరుభూమిని తలపించే ఆ ప్రదేశంలో నీలిజలాన్ని చూచిన కన్ను తృప్తి చెందడం సహజం. అందుచేతనే వారాంతాలలో హైదరాబాదు నుండి, బెంగళూరు నుండి యువజనులు వచ్చి గుడారాలు వేసుకొని, నక్షత్రాల క్రింద నిద్రించి, లోయమీది సూర్యోదయాన్ని చూచి మరలుతున్నారు.

ఈ ఆచారం విషయంలో రెండు అభిప్రాయాలు బలంగా వినబడుతున్నాయి. పవిత్రమైన నదీతీరంలో ఈ గుడారాలు అపచారమని, వీటిని పూర్తిగా నిషేధించాలని కొందరి వాదన. ప్రకృతి అందరిదీ గనుక ఎవరి ఆనందం వారిదని మరికొందరి వాదన. రెండింటిలోనూ విచారలోపం ఉన్నది. మొదటి పక్షం వనవాసాన్ని సాధనగా భావించిన సంప్రదాయాన్నే మరచింది. ఉపనిషత్తులకు ఆధారమైన వాఙ్మయభాగానికి ఆరణ్యకాలని పేరు వచ్చింది అరణ్యం వల్లనే. గృహం నుండి వెలువడి, మితవస్తువులతో, ఆకాశాన్నే పైకప్పుగా చేసుకొని ఒక్క రాత్రి గడపడం అపరిగ్రహానికి ప్రథమపాఠం కాగలదు. రెండవ పక్షం ‘అందరిదీ’ అనే మాటను ‘ఎవరిదీ కాదు’ అనే అర్థంలో ప్రయోగిస్తున్నది. ఈ రెండర్థాలకు మధ్య ఉన్న దూరమే ధర్మాధర్మాల దూరం.

కనుక విచారణీయమైనది గుడారం ఉండాలా వద్దా అన్నది కాదు. గుడారం వేసేవాడు యక్షుని ప్రశ్నను విన్నాడా లేదా అన్నదే. నేటి జలాశయతీరంలో ఆ ప్రశ్న మూడు రూపాలలో నిలిచి ఉన్నది.

మొదటిది: ఈ నీరు ఎక్కడి నుండి వచ్చింది? గండికోట జలాశయంలో నిలిచేది కేవలం పినాకినీ జలం కాదు. గాలేరు–నగరి పథకం ద్వారా శ్రీశైలం నుండి అవుకు మీదుగా కృష్ణాజలం ఇక్కడికి చేరుతున్నది. అంటే ఒక నదిలోయలోని వర్షం పర్వతాలను దాటి మరొక నదిలోయకు వస్తున్నది. ఇది కొండపక్కన దైవవశాత్తు ఏర్పడిన సరోవరం కాదు. అసంఖ్యాక కార్మికుల శ్రమ, ప్రజాధనం, దశాబ్దాల నిరీక్షణ ఘనీభవించిన రూపం.

రెండవది: ఈ నీటికోసం ఎవరు లేచిపోయారు? జలాశయం నిండాలంటే గ్రామాలు ఖాళీ కావాలి. కొండాపురం ప్రాంతంలోని గ్రామాలు ఈ జలాశయం క్రింద ముంపునకు గురి అయ్యాయి. 2020లో నీటిమట్టాన్ని పెంచినపుడు తాళ్ళప్రొద్దుటూరు ఇళ్ళలోకి నీరు ప్రవేశించింది. తరతరాల ఇలవేల్పులు, పెద్దల సమాధులు, వీధిరచ్చలు, వేపచెట్లు జలగర్భంలో కలిశాయి. ఒక రాత్రి వినోదార్థం ఇల్లు విడిచి వచ్చినవాడు, శాశ్వతంగా ఇల్లు విడిచి వెళ్ళినవాని నేలను చూస్తూ నిద్రిస్తున్నాడు. ఇద్దరిదీ గృహత్యాగమే. ఒకటి ఐచ్ఛికం, మరొకటి అనివార్యం. ఈ భేదం స్ఫురించినవానికి ఆ తీరంలో ఉన్మత్తంగా కేరింతలు కొట్టడం సాధ్యం కాదు.

మూడవది: ఈ నీరు ఎవరి వద్దకు పోతుంది? నందికొండలలో పుట్టిన పెన్న 597 కిలోమీటర్లు ప్రయాణించి నెల్లూరు తీరాన సముద్రంలో కలుస్తుంది. గండికోట లోయను దాటిన ప్రవాహం ప్రొద్దుటూరు, సిద్ధవటం ప్రాంతాల మీదుగా సోమశిలకు వస్తుంది. అక్కడి జలాశయపు సామర్థ్యం సుమారు 78 టి.ఎం.సి. సోమశిల విడిచిన నీరు సంగం, నెల్లూరు ఆనకట్టల ద్వారా డెల్టా కాలువలకు చేరుతుంది. నదికి ఉత్తరాన ఉన్న కోవూరు, కొడవలూరు మాగాణులు ఆ కాలువల మీద ఆధారపడి బ్రదుకుతున్నవి. మొలగొలుకుల బియ్యానికి పేరుపొందిన నేల అది. కొడవలూరులో నారుమడి కట్టే రైతు గండికోటను చూచి ఉండకపోవచ్చు. కానీ గండికోటను తాకిన వరద అతని పొలం గట్టును తాకక మానదు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద నెల్లూరు–కోవూరుల మధ్య జాతీయరహదారిని, పడుగుపాడు వద్ద రైలుమార్గాన్ని ఛేదించినపుడు ఎగువకూ దిగువకూ గల సంబంధం ఎవరూ బోధించకుండానే అందరికీ తెలిసింది. నది ఒక వాక్యం వంటిది. మొదటి పదంలో దోషం ఉంటే చివరి పదానికి అర్థం చెడుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపం వస్తుంది. కోటానుకోట్ల ఘనపుటడుగుల నీటిలో ఒక గుడారంవాడు వదిలిన సబ్బునురగ ఎంత? ఒక ప్లాస్టిక్ సీసా ఎంత? ఈ ఆక్షేపానికి లౌకికమైన సమాధానం ఒకటి, శాస్త్రీయమైన సమాధానం ఒకటి ఉన్నవి. లౌకికంగా చూస్తే, శిలామయమైన ఆ నేలపై మట్టిపొర పలుచన. మెత్తని మన్ను మాలిన్యాన్ని తనలో ఇముడ్చుకొని కాలక్రమంలో శుద్ధి చేయగలదు; రాయి చేయలేదు. బండపై విడిచినది ఏదైనా తొలివానకే జారి లోయలో పడుతుంది. పగిలిన గాజుముక్క ఏండ్ల తరబడి అక్కడే పడి ఉండి గొర్రెలకాపరి పాదంలో దిగుతుంది. శాస్త్రదృష్టితో చూస్తే, కర్మఫలం ద్రావణపు సాంద్రతను బట్టి నిర్ణయింపబడేది కాదు. జలంలో మలమూత్రాదులను, ఉమ్మిని విడువరాదని మనుస్మృతి నాలుగవ అధ్యాయం విధించినపుడు చిన్న చెరువుకు ఒక నియమం, మహానదికి ఒక నియమం అని విభజించలేదు. శౌచం నీటి పరిమాణానికి సంబంధించినది కాదు, కర్త స్వభావానికి సంబంధించినది.

మరొక సూక్ష్మమైన ఆక్షేపం వేదాంతపరిభాషలో వస్తుంది. సర్వమూ బ్రహ్మమే అయినపుడు శుచి ఏది, అశుచి ఏది? ఈ మాట పలికేవాడు తన భోజనపళ్ళెం విషయంలో ఆ అద్వైతాన్ని పాటించడు. పారమార్థికసత్యాన్ని వ్యావహారికమైన అలసత్వానికి కవచంగా వాడుకోవడం వేదాంతం కాదు, వేదాంతాభాసం. సర్వత్ర ఆత్మదర్శనం కలిగినవానికి కొడవలూరు కాలువలో నీరు ముంచుకొనే గృహిణి పరాయిది కాజాలదు. అద్వైతం బాధ్యతను రద్దు చేయదు. దానికి ఉన్న సరిహద్దులను మాత్రమే రద్దు చేస్తుంది.

అరణ్యపర్వంలోనే అంతగా ప్రచారంలో లేని మరొక ఘట్టం ఉన్నది. ద్వైతవనంలో నివసిస్తున్న ధర్మరాజుకు ఒక రాత్రి కలలో మృగాలు కనబడి కన్నీటితో విన్నవించుకొంటాయి: వేటవల్ల తమ కులం క్షీణించిందని, బీజప్రాయంగా కొన్ని మాత్రమే మిగిలాయని, తాము మరల వృద్ధి చెందేందుకు వారు వేరొక చోటికి తరలిపోవాలని. ధర్మరాజు ఆ ప్రార్థనను మన్నించి, తెల్లవారగానే సోదరులతో చెప్పి, కామ్యకవనానికి తరలిపోయాడు. వనవాసికి ఇంతకంటె స్పష్టమైన నియమం మరొకటి లేదు. ఒక స్థలం భరించగల భారం కొంతే. ఆ మేర దాటినపుడు ఎంత ధర్మాత్ముడైనా లేచి వెళ్ళవలసిందే. గండికోట బండలపై పక్కపక్కనే వరుసలుగా గుడారాలు నిలిచిన రాత్రి, అక్కడి పక్షుల కల ఎవరికి వినబడుతున్నది?

తెలుగునేలలో జలాశయానికి ఉన్న స్థానాన్ని కూడా ఈ సందర్భంలో స్మరించాలి. సప్తసంతానాలలో తటాకం ఒకటి. చెరువు త్రవ్వించడం పూర్తధర్మంలో భాగం. గండికోట ఉన్న కడప సీమలోనే పోరుమామిళ్ళ చెరువు ఉన్నది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు నిర్మింపజేసిన ఆ చెరువు శాసనం 1369 నాటిది. మంచి తటాకానికి ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఆ శాసనం లెక్కించి చెప్పింది. రెండు సంవత్సరాల పాటు ప్రతిదినం వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు కూడా అందులో నమోదైనది. ఆ పన్నెండు అంగాలలో మొట్టమొదటిది దృఢమైన కట్ట కాదు, సమృద్ధమైన నీరు కాదు, ధర్మపరుడైన ప్రభువు. అంటే మనుష్యుని శీలం కూడా జలాశయనిర్మాణంలో ఒక సామగ్రి అని ఆ శాసనకర్తల నిశ్చయం. ప్రభుత్వం ప్రజలదైన నేటి కాలంలో ఆ ప్రథమాంగం ప్రతి పౌరునిపైనా ఆరోపింపబడింది. తీరంలో ఒక్క రాత్రి గడిపేవాడు కూడా ఆ రాత్రికి ఆ చెరువుకు అంగమో దోషమో అవుతాడు. మూడవ స్థితి లేదు.

ఈ విచారం భారతదేశానికే పరిమితం కాదు. అమెరికాలో యూటా, ఆరిజోనా రాష్ట్రాల ఎర్రరాతి ఎడారిలో కొలరాడో నదికి అడ్డుగా గ్లెన్ కాన్యన్ ఆనకట్ట నిర్మించి 1963లో నీరు నిలపడం ఆరంభించారు. అలా ఏర్పడినదే లేక్ పావెల్. నవాహో ప్రజలకు పవిత్రమైన రెయిన్‌బో బ్రిడ్జ్ అనే సహజశిలాతోరణం పాదాల వరకు ఆ నీరు వచ్చింది. ఆ దేశంలో స్థిరపడిన తెలుగువారికి అది పరిచితమైన విహారస్థలమే. అక్కడ మరుగుదొడ్డి లేని తీరంలో విడిదిచేసేవారు తమ మలాన్ని సైతం పాత్రలో బంధించి వెంట తీసుకొనిపోవాలన్నది నియమం. జరిమానా భయంతోనైనా ఆ నియమం పాటింపబడుతున్నది. స్వదేశంలో అదే శౌచం యమనియమాలలో ఒకటిగా సహస్రాబ్దాల నుండి బోధింపబడుతూ ఉండగా, తీరాలు మాత్రం మలినమవుతున్నాయి. పరదేశంలో దండనీతి సాధించినదానిని స్వదేశంలో ధర్మబోధ సాధించలేకపోతే లోపం ధర్మంలో లేదు. దానిని పూజాగృహానికే పరిమితం చేసిన ఆచరణలో ఉన్నది.

నిషేధం వల్ల ఈ లోపం తీరదు. స్థానిక యువకులు గుడారాలు అద్దెకిచ్చి, భోజనం వండిపెట్టి జీవిస్తున్నారు. ధర్మానుబద్ధమైన అర్థార్జన పురుషార్థమే. కావలసినది నియమం. నీటి అంచుకు తగినంత దూరంలో విడిది. ఒక రాత్రికి ఇన్ని గుడారాలే అనే పరిమితి. తెచ్చిన ప్రతి వస్తువునూ తిరిగి తీసుకొనిపోవడం. బండలపై మంట, మద్యం, ధ్వనివర్ధకం లేకపోవడం. ఏటా కొంతకాలం ఆ స్థలానికి సంపూర్ణవిశ్రాంతి. వసూలైన రుసుములో ఒక భాగం ముంపుగ్రామాల నిర్వాసితుల పిల్లల చదువుకు చేరితే, రెండవ ప్రశ్నకు అది కొంత సమాధానం కాగలదు. లోయ అంచున అన్నిచోట్లా కంచె లేదు గనుక, నీటిమట్టం కూడా ఎల్లవేళలా ఒకటిగా ఉండదు గనుక, ఈ నియమాలు ప్రాణరక్షణకు సైతం అవసరం.

చివరగా నిద్రను గురించి. గండికోటలో శిథిలమైన రంగనాథాలయం ఉన్నది. అదే నది సముద్రాన్ని చేరబోయే ముందు నెల్లూరులో తల్పగిరి రంగనాథుడు కొలువై ఉన్నాడు. తల్పమంటే శయ్య. నదికి ఒకచోట ఎగువన, ఒకచోట దిగువన, శయనించిన దైవాన్నే పూర్వులు ప్రతిష్ఠించారు. ఆ శయనం తామసనిద్ర కాదు, యోగనిద్ర. జగత్తును మరచిన నిద్ర కాదు, జగద్రక్షణను విడువని విశ్రాంతి. జలతీరాన నిద్రించే మనుష్యునికి అదే ఆదర్శం. ఎవరి నీటి ప్రక్కన పడుకొన్నాడో, ఎవరి ఇంటి మీద ఆ నీరు నిలిచిందో, ఎవరి పొలానికి ఆ నీరు పోవాలో ఎరిగి కన్ను మూసినవాడు అతిథి. ఎరుగనివాడు, ఎరిగీ లెక్కచేయనివాడు, ఎంత రుసుము చెల్లించినా, ఆ తీరంలో ఆక్రమణదారుడే.