నడిచేవాళ్లకి జాగా ఏది?

పోయిన వారం టెక్కలి హాస్టల్ పిల్లల గురించి రాశాను. ఈ వారం మా చిన్నమ్మ నడక గురించి.

చిన్నమ్మది ఉద్దానం. పాతికేళ్లు పలాస జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసింది. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి అదే పలాస వస్తోంది. నాలుగు గంటలు మిషను మీద ఉండి లేచాక బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. అప్పుడు ఆటోలు ఆగే చోటుదాకా నడవాలి. ఎండకి గొంతెండినా కడుపునిండా నీళ్లు తాగకూడదు, కొలిచి గుక్కెడు. కాలువ పలకల మీద నడుద్దామంటే ఒకటుంటే ఒకటుండదు. ఉన్నచోట బైకులు, షాపుల సామాను. రోడ్డు మీదకి దిగితే వెనక లారీ హారన్. "సూదులకి బయం నేదురా బాబూ, ఈ రోడ్డుకే బయం" అంటాది.

ఊళ్లో దిగినా నడక అయిపోదు. ఆటో పెద్దవీధి మొగలో ఆగుతుంది. మా కాలనీ ఊరు దాటాక. 1924లో వైకోంలో గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికే సత్యాగ్రహం చెయ్యాల్సొచ్చింది. ఇవాళ మమ్మల్ని ఎవరూ ఆపరు, నిజమే. కానీ వాడని ఊరవతలకి నెట్టిన కులమే మేం రోజూ ఎంత నడవాలో కూడా తేల్చిపెట్టింది. 2025 ఆగస్టులో ఆడవాళ్లకి ఉచిత బస్సు వచ్చింది. మంచి పనే. బస్సు దిగాక?

టౌన్ ప్లానింగ్‌లో ఈ మాట లేక కాదు. కదలాల్సింది బళ్లు కాదు, మనుషులు అని 2006 జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. ఫుట్‌పాత్ మీద అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో రాసిపెట్టింది. ఆ మాట ఎత్తితే ముందు తోపుడుబళ్లనే ఖాళీ చేయిస్తారని నాకూ భయమే, వాటి వెనక నిలబడేదీ మనవాళ్లే. ముందు తీయాల్సింది పార్కింగు.

అన్నట్టు, మా జిల్లాకి నడక కొత్త కాదు. 2003లో వైఎస్, 2019 జనవరిలో జగన్ పాదయాత్రలు ముగించింది ఇచ్ఛాపురంలోనే. నాయకుడు నడిస్తే బళ్లు ఆగుతాయి. చిన్నమ్మ నడిస్తే హారన్ కొడతాయి.

సోమవారం మళ్లీ ఆమెని తీసుకెళ్లాలి. ఈసారి టేపు పట్టుకెళ్తున్నా. ఆసుపత్రి గేటు నుంచి ఆటోల దాకా ఆ 1.8 మీటర్లు ఎక్కడెక్కడ దొరుకుతుందో కొలిచి ఇక్కడే పెడతాను. టేపు రెండో కొస పట్టుకోడానికి ఒక మనిషి కావాలి.