నిత్య కిరణ చికిత్స: ఇంటి భారం, సమాజ బాధ్యత

1895వ సంవత్సరం వైద్యశాస్త్ర చరిత్రలో రెండు విధాల గుర్తుంచుకోదగినది. ఆ ఏడాది జనవరిలో భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు జన్మించారు. నవంబరులో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరంలో విల్హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నారు. లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు గారి బృందం తయారుచేసిన ఎమినోప్టెరిన్‌తో పసిపిల్లల రక్త క్యాన్సరును కొంతకాలమైనా అదుపులో ఉంచవచ్చునని 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ చూపగలిగారు. ఎక్స్-కిరణాలు అప్పటికే క్యాన్సరు చికిత్సలో స్థానం సంపాదించుకున్నాయి. ప్రవాసాంధ్ర సభలలో సుబ్బారావు గారి పేరు గర్వంగా వినిపిస్తూనే ఉంటుంది. కాని ఆయన బృందం మందు వెదికిన ఆ వ్యాధే ఒక తెలుగు ఇంట అడుగుపెడితే మాత్రం ఆ ఇంటి తలుపులు మూసుకుంటాయి, మాటలు గుసగుసలవుతాయి. విజ్ఞానాన్ని పూజించే సమాజం అదే విజ్ఞానం వల్ల ఇంటికి అందవలసిన ధైర్యాన్ని అందుకోలేకపోవడం విచారకరం.

అమెరికాలో స్థిరపడిన ఒక సగటు కుటుంబాన్ని ఊహించుకుంటే విషయం స్పష్టమవుతుంది. బడికి వెళ్లే ఇద్దరు పిల్లలున్న తల్లికి రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగింది. తరువాత వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు కిరణ చికిత్స తీసుకోవాలి. యంత్రం కింద కిరణాలు పడేది కొద్ది నిమిషాలే. కాని ఆసుపత్రికి ప్రయాణం, దుస్తులు మార్చుకోవడం, నిరీక్షణ, తిరుగు ప్రయాణం కలిస్తే సగం పూట గడిచిపోతుంది. పిల్లల బడి బస్సు, మధ్యాహ్న భోజనం డబ్బాలు, హోంవర్కు, భర్త ఉద్యోగం ఏవీ ఆమె కోసం ఆగవు. స్వదేశం నుంచి అమ్మమ్మో నాయనమ్మో రావాలంటే వీసా కావాలి, టికెట్టు కావాలి. రేపే మొదలయ్యే చికిత్స అంతకాలం వేచి ఉండదు.

ఇంత శ్రమ పెట్టి రోజూ ఎందుకు రమ్మంటారు? మొత్తం ఒక్కసారే ఇచ్చివేయరాదా? అనే ప్రశ్న సహజమైనదే. దేహంలో అధిక భాగం నీరు. శక్తివంతమైన ఎక్స్-కిరణాలు కణంలోని నీటి అణువులను ఛేదించినప్పుడు హైడ్రాక్సిల్ రాడికల్స్ పుడతాయి. క్షణమాత్రం జీవించే ఈ చురుకైన రేణువులు సమీపంలోని డి.ఎన్.ఏ. పోగులను తెంచుతాయి. కిరణాలు కొంతవరకు డి.ఎన్.ఏ.ను నేరుగా కూడా దెబ్బతీస్తాయి. ఆరోగ్యకరమైన కణాలు ఈ గాయాన్ని చాలావరకు కొన్ని గంటలలో మరమ్మతు చేసుకోగలవు. క్యాన్సరు కణాలకు సాధారణంగా ఆ నేర్పు తక్కువ. అందుచేత చిన్న మోతాదు ఇచ్చి, ఒక రోజు వ్యవధి ఇచ్చి, మళ్లీ ఇస్తూపోతే మంచి కణజాలం కోలుకుంటుంది, చెడు కణజాలం క్షీణిస్తుంది. 1920 దశకంలో పారిస్‌లో క్లాడియస్ రెగో పొట్టేళ్లపై చేసిన ప్రయోగాలు, అనంతరం అక్కడే గొంతు క్యాన్సరు రోగులకు హెన్రీ కుటార్ చేసిన చికిత్స ఈ పద్ధతికి పునాది వేశాయి.

ఆ లెక్కను బట్టి చూస్తే, చికిత్స తప్పిపోయిన రోజు చిన్న విషయం కాదని తెలుస్తుంది. మధ్యలో విరామాలు పెరిగితే మిగిలిన క్యాన్సరు కణాలు తిరిగి వృద్ధి చెందే అవకాశం దొరుకుతుంది. తల, మెడ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో ఇది మరీ ముఖ్యం. కాబట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లే కారు కూడా చికిత్సలో భాగమే. రోగిని వేళకు చేర్చిన మిత్రుడు వైద్యానికే చేయూతనిచ్చినట్లు భావించాలి.

ఈ రంగంలో శుభవార్తలు లేకపోలేదు. రొమ్ము క్యాన్సరుకు చిరకాలం 50 గ్రేల మోతాదును 25 భాగాలుగా ఐదు వారాలపాటు ఇచ్చేవారు. బ్రిటన్‌లో జరిగిన పరీక్షల ఫలితంగా 40 గ్రేలను 15 భాగాలుగా మూడు వారాలలో ఇవ్వడం సురక్షితమని తేలింది. 2020లో వెలువడిన మరొక బ్రిటిష్ పరీక్ష 26 గ్రేలను ఐదు రోజులలో ఇచ్చినా ఐదేళ్ల తరువాత ఫలితం తీసికట్టు కాలేదని చూపింది. ప్రతి రోగికీ ఈ తగ్గింపు వర్తించదు. అయినా “మా విషయంలో తక్కువ రోజులలో ముగిసే వీలున్నదా?” అని వైద్యుని అడగడం పిల్లలున్న ప్రతి కుటుంబానికీ ఉన్న హక్కు. అడగడం అవిధేయత కాదు.

ఇక భయాల విషయం. రేడియేషన్ అనగానే హిరోషిమా, చెర్నోబిల్ గుర్తుకు వస్తాయి. తల్లిని ముట్టుకోవచ్చునా అని పిల్లలు సంకోచిస్తారు, కొందరు పెద్దలు కూడా ఎడంగా కూర్చుంటారు. ఇది అనవసరమైన భయం. బయటి యంత్రం నుంచి వచ్చే ఎక్స్-కిరణాలు దీపపు వెలుగువంటివి. మీట ఆపగానే వెలుగు పోతుంది, గదిలో నిలిచి ఉండదు. ఆ చికిత్స పొందిన తల్లి పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకోవచ్చు, అన్నం కలిపి పెట్టవచ్చు. థైరాయిడ్‌కు ఇచ్చే రేడియో అయోడిన్ సంగతి వేరు. దాని అర్ధజీవిత కాలం ఎనిమిది రోజులు. అది కొంతకాలం దేహంలో ఉంటుంది గనుక పసిపిల్లలకు కొన్నాళ్లు దూరంగా ఉండమని వైద్యులే చెబుతారు. ఈ రెంటినీ కలగలపడం వల్లనే అపోహలు పుడుతున్నాయి.

ప్రేమతో చేసే పని కూడా ఒక్కొక్కసారి హాని చేయవచ్చు. స్వదేశం నుంచి చూర్ణాలు, పసుపు బిళ్లలు, విటమిన్ మాత్రలు పంపే బంధువులకు కొదువ లేదు. కిరణాలు రాడికల్స్ ద్వారా పనిచేస్తుండగా, రాడికల్స్‌ను హరించే పదార్థాలను అధిక మోతాదులో మింగడం చికిత్సకు ఎదురీదడం కావచ్చు. కూరలో వేసే పసుపుతో పేచీ లేదు. మాత్రల రూపంలో ఏది తీసుకున్నా ముందుగా వైద్యునికి చెప్పి తీరాలి.

రహస్యం పాటించేవారి వాదనలోనూ న్యాయం ఉంది. తన వ్యాధి గురించి ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే హక్కు రోగిదే. జాలి చూపులు, ఆరాలు ఎవరికీ ఇష్టం ఉండవు. అయితే చాలా ఇళ్లలో మౌనానికి కారణం రోగి అభీష్టం కాదు, ఆడపిల్లల పెళ్లి సంబంధాలు చెడిపోతాయన్న దిగులు. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి ఐదు నుంచి పది వరకే. ఆ కొద్ది కుటుంబాలలోనైనా అక్కచెల్లెళ్లకు, కుమార్తెలకు నిజం తెలిస్తే ముందుగా పరీక్షలు చేయించుకుని ప్రాణం కాపాడుకోగలరు. దాచడం వల్ల రక్షణ పోతుందే కాని పరువు పెరగదు.

తెలుగు సంఘాలు చేయగలిగింది ఎంతో ఉంది. వార్త తెలిసిన మొదటి వారంలో పులిహోర, పప్పు, పరామర్శలు ఇంటిని ముంచెత్తుతాయి. మూడవ వారానికి ఆ వరద తీస్తుంది. కిరణ చికిత్సలో అలసట మాత్రం సాధారణంగా రెండు మూడు వారాలకు మొదలై, చివరికి హెచ్చి, ముగిసిన తరువాత కూడా కొన్ని వారాలు నిలుస్తుంది. అంటే అవసరం పెరిగే వేళకు సహాయం తరుగుతున్నది. ఈ క్రమం తారుమారు కావాలి. ప్రతి సంఘం నలుగురైదుగురు స్వచ్ఛంద సేవకులతో ఒక జాబితా సిద్ధం చేసుకోవాలి. సోమవారం కారు ఒకరిది, మంగళవారం పిల్లల బాధ్యత మరొకరిది, చికిత్స ముగిసిన తరువాతి నెల వంట ఇంకొకరిది అని ముందే పంచుకోవాలి. 1993 నాటి అమెరికా కుటుంబ వైద్య సెలవు చట్టం అర్హులైన ఉద్యోగులకు ఏడాదికి 12 వారాల వేతనరహిత సెలవు ఇస్తుందనీ, వైద్య అవసరం ఉంటే దానిని గంటల చొప్పున కూడా వాడుకోవచ్చుననీ సంఘాలు తమ సభ్యులకు తెలియజెప్పాలి.

సాంస్కృతిక కార్యక్రమాలకు చూపే నిర్వహణ దక్షతలో పదవ వంతు ఇటు మళ్లిస్తే చాలు. సుబ్బారావు గారి చిత్రపటానికి వేసే పూలదండకంటె, ఆసుపత్రి ప్రయాణాల కోసం వ్రాసుకున్న ఒక చిన్న జాబితాయే ఆయన స్మృతికి మిన్నయైన నివాళి.