సూచికలు సరే, ఊపిరి మాటేమిటి?

రాజధానిలో పార్లమెంటు శీతాకాల సమావేశాలు, విషవాయువుల ఋతువు దాదాపు ఒకే కాలంలో వస్తాయి. మొదటిదానిపై దేశమంతటికీ దృష్టి ఉంటుంది. రెండవది ఢిల్లీ వాసుల సొంత గొడవగా చెల్లిపోతున్నది. చలికాలంలో నేలనంటిన గాలి చల్లబడి, దానిపై వెచ్చని గాలిపొర మూతవలె నిలిచిపోతుంది. ఆ మూత కింద వాహనాల పొగ, విద్యుత్ కేంద్రాల పొగ, ఇటుక బట్టీల పొగ, నిర్మాణాల దుమ్ము, చెత్త మంటలు, పంజాబు, హర్యానా పొలాల గడ్డిపొగ ఏకమవుతాయి. ఏళ్ల తరబడి ఇక్కడ విలేఖరిగా ఉన్న నాకు ఈ పొగ కొత్త కాదు. ప్రజలు దానితో సర్దుకుపోవడం నేర్చుకొన్న తీరే నన్ను ఆలోచింపజేస్తున్నది.

ఇక్కడి గృహస్థు ఉదయం లేవగానే పాలపాకెట్టుకంటె ముందు గాలి నాణ్యతా సూచిక చూస్తున్నాడు. 2015 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఈ జాతీయ సూచిక ఎనిమిది కాలుష్యకాలను లెక్కలోకి తీసుకొని, 0 నుంచి 500 వరకు ఒక అంకె చెబుతుంది. 50 లోపు మంచిది. 400 దాటితే తీవ్రం. సామాన్యునికి అర్థమయ్యే భాషలో ప్రభుత్వమే ప్రమాదాన్ని ప్రకటించడం నిస్సందేహంగా మెచ్చదగిన పని. అయితే ఆ అంకెను చదవడం కూడ నేర్చుకోవాలి. ప్రతి సాయంత్రం వెలువడే అధికారిక సూచిక 24 గంటల సగటు మాత్రమే. తెల్లవారుజామున వీధి చివర గాలి ఎంత చెడ్డదో అది చెప్పదు. పైగా ఆ కొలబద్ద 500తో ఆగిపోతుంది. గాలి అంతకుమించి చెడినా అంకె పెరగదు. 2024 నవంబర్ 18న ఢిల్లీ సూచిక 494. అంటే కొలబద్ద చివరికి వచ్చేశామన్నమాట.

మాటల్లో మరొక మాయ ఉన్నది. 2.5 మైక్రాన్ల లోపు సూక్ష్మధూళి ఊపిరితిత్తుల లోతులకు పోయి, రక్తంలో కలుస్తుంది. దీనికి 2009లో మన ప్రభుత్వం నిర్ణయించిన రోజువారీ పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ఆ మేరకు ఉంటే గాలి ‘సంతృప్తికరం’. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 15. అంటే మనం సంతృప్తి చెందుతున్నది దానికి నాలుగింతల ధూళితో.

ఇక స్వీయ రక్షణ. వేకువ షికారు మాని మధ్యాహ్నం ఎండపొడలో నడవడం, ఇల్లు ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవడం, గది మూసి అగరువత్తులు వెలిగించకపోవడం, బయటికి వెళితే ముఖానికి గట్టిగా అంటుకొనే ఎన్-95 మాస్కు ధరించడం ఉపకరించే పద్ధతులే. చేతిరుమాలు అడ్డుపెట్టుకుంటే సూక్ష్మధూళి ఆగదు. స్థోమత ఉన్నవారు గదికొక గాలిశుద్ధి యంత్రం కొంటున్నారు. రిక్షా తొక్కేవాడు ఏ గదిలో తలుపు మూసుకోగలడు? రాత్రంతా గేటు ముందు కుంపటి వద్ద కూర్చొనే కాపలాదారు ఏ యంత్రం కొనగలడు? ప్రభుత్వ కుళాయిని నమ్మలేక నీటిని సీసాల్లో కొన్న జాతి ఇప్పుడు గాలిని కూడ కొనుక్కొంటున్నది. ఎవరి గొడుగు వారు పట్టుకోవడమే విధానమైతే, గొడుగు లేనివాడు తడవక తప్పదు.

2017లో వచ్చిన దశలవారీ ప్రతిస్పందన ప్రణాళికలోనూ ఈ అసమానత కనిపిస్తుంది. సూచిక తీవ్రస్థాయికి చేరితే నిర్మాణాలు ఆగుతాయి. ఆనాటి కూలి కూడ ఆగుతుంది. కార్మిక సెస్సు నిధి నుంచి భృతి చెల్లించాలని నియమమున్నా, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులను నిలదీయవలసి వచ్చింది. పొగ పీల్చేవాడూ అతడే, పస్తుండేవాడూ అతడే.

మరి చట్టసభల మాటేమిటి? 1972 స్టాక్‌హోమ్ సదస్సు స్ఫూర్తితో 1981లో పార్లమెంటు వాయు కాలుష్య నివారణ చట్టం చేసింది. 2023లో జన విశ్వాస్ చట్టం ద్వారా అందులోని పలు నేరాలకు జైలుశిక్ష తొలగించి జరిమానాలు పెట్టింది. 2019 నవంబరులో ఢిల్లీ కాలుష్యంపై చర్చించవలసిన పార్లమెంటరీ స్థాయీ సంఘ సమావేశానికి నలుగురు సభ్యులే రావడంతో అది వాయిదా పడింది. మరణాలకు కాలుష్యమొక్కటే కారణమని నిరూపించే నిశ్చయాత్మక సమాచారం లేదని ప్రభుత్వం సభలకు పలుమార్లు తెలియజేసింది. ఏ మరణానికీ ఒకే కారణం ఉండకపోవచ్చు. ఆ కారణంగా పొగను నిర్దోషిగా ప్రకటించడం న్యాయం కాదు.

ఏమీ జరగలేదనడం కూడ అన్యాయమే. కోర్టు 1998లో ఆదేశించగా 2002 నాటికి ఢిల్లీ బస్సులు సహజవాయువుకు మారాయి. 2020 ఏప్రిల్ నుంచి భారత్-6 ప్రమాణాలు అమలయ్యాయి. పంజాబులో ఉపగ్రహాలు లెక్కించిన గడ్డిమంటలు 2021లో 71 వేలకు పైగా ఉండగా 2024లో 11 వేల లోపుకు తగ్గాయి. అయినా ఆ ఏడాదే సూచిక 494కు ఎక్కింది. తప్పంతా రైతుదేనన్న వాదన ఇక నిలవదు. కేంద్రం, ఢిల్లీ, పొరుగు రాష్ట్రాలు అందరిదీ తిలాపాపం తలా పిడికెడు.

తెలుగువారు దీనిని ఢిల్లీ కథగా చదివి పక్కనపెట్టరాదు. 2019లో ఆరంభమైన జాతీయ శుద్ధవాయు పథకంలోని నగరాలలో విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, హైదరాబాదు, పటాన్‌చెరు ఉన్నాయి. ఈ పథకపు నిధులలో 64 శాతం రోడ్ల దుమ్ముకే ఖర్చయిందనీ, పరిశ్రమల పొగపై ఒక్క శాతం కూడ కాలేదనీ 2024లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వెల్లడించింది. పటాన్‌చెరు వాసికి ఈ లెక్క భావం విడమరచి చెప్పనక్కరలేదు. మన ఊళ్లలో కొలిచే యంత్రాలే తక్కువ. కొలవని చోట గాలి మంచిదన్న భ్రమ సులభం.

జ్వరమానిని రోగానికి మందు కాదు. సూచిక పాలనకు ప్రత్యామ్నాయం కాదు. నిర్మలమైన గాలి జీవించే హక్కులో భాగమని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మన లోక్‌సభ సభ్యులు రాబోయే సమావేశాలలో అడగదగిన ప్రశ్నలు మూడు: మన పట్టణాలలో యంత్రాలెన్ని? శుద్ధవాయు నిధులు ఏ పొగపై ఖర్చయ్యాయి? పని ఆపిన కూలీకి భృతి ముట్టిందా? వారు అడిగేట్లు చేయవలసింది ఓటర్లే.