రైలు పక్కన పుట్టిన ఊరికి బస్సు లేదు
డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో, రైలు మార్గం పక్కన పుట్టిన ఊరు. 2000లో జనాభా 33,714; 2020 లెక్కల నాటికి 2 లక్షలు దాటింది. అక్కడి కార్యసిద్ధి హనుమాన్ ఆలయంలో శనివారం తెలుగు మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. చర్చిలున్నాయి, మసీదు ఉంది. నిర్ణీత వేళల ప్రకారం తిరిగే సిటీ బస్సు మాత్రం లేదు. వృద్ధులకు, వికలాంగులకు ముందుగా బుక్ చేసుకునే వాహనాలున్నాయి. మిగతా అందరికీ కారే దిక్కు. డాలస్ ప్రాంత రవాణా సంస్థ డార్ట్ రైలు పక్కనున్న ప్లేనో దాకా వచ్చి ఆగిపోతుంది. అది ఫ్రిస్కో దాకా రానిది ఆ ఊరికి డబ్బు లేక కాదు. టెక్సస్‌లో స్థానిక అమ్మకపు పన్ను 2 శాతం మించకూడదు. డార్ట్‌లో చేరాలంటే అందులో 1 శాతం ఇవ్వాలి. ఫ్రిస్కో ఆ శాతంలో సగం ఆర్థికాభివృద్ధికి, సగం ప్రజా సౌకర్యాలకు కేటాయించుకుంది. దాంతో స్టేడియాలు, ఆఫీసులు వచ్చాయి, ఊరు పెరిగింది. చిన్న ఊరుగా ఉన్నప్పుడు అది సరైన ఎంపికే కావచ్చు, ఇప్పుడు కాదు. విజయవాడలోనో వరంగల్‌లోనో ఆటో ఎక్కి తమంతట తాము గుడికి వెళ్లొచ్చిన తల్లిదండ్రులు, ఇక్కడ ముందుగా వాహనం బుక్ చేసుకుంటే తప్ప కొడుకో కోడలో ఆఫీసు నుంచి వచ్చేదాకా గడప దాటలేకపోతున్నారు. పెద్దవాళ్ల భక్తిని ఇంకొకరి తీరికకు కట్టేయడం అన్యాయం. ఫ్రిస్కోలో ఓటున్న తెలుగువారికి నా విన్నపం ఒక్కటే: ఆలయానికి విరాళమిచ్చినంత శ్రద్ధగా సిటీ కౌన్సిల్ సమావేశానికీ వెళ్లండి, ముందు శని, ఆదివారాలకైనా గుడినీ చర్చినీ మసీదునూ కలిపే బస్సు వేయమని అడగండి.