స్టాటిన్లు పడనివారి మాటేమిటి?

ఢిల్లీలో ఆరోగ్య విధానమంటే ఆసుపత్రి పడకల లెక్కే. 2017 ఫిబ్రవరిలో స్టెంట్ల ధరకు కళ్లెం వేశారు. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల భరోసా ప్రకటించారు. రెండూ మెచ్చదగినవే. కాని ఈ భరోసా రోగి ఆసుపత్రిలో చేరినప్పుడే అక్కరకు వస్తుంది. గుండెపోటు రాకుండా నెలనెలా మింగవలసిన మాత్రకు అందులో చోటు లేదు.

కొలెస్టరాల్ తగ్గించే మాత్ర చౌకే కదా అనవచ్చు. నిజమే, అటోర్వాస్టాటిన్ అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో ఉంది. దానికి గరిష్ఠ ధర నిర్ణయమై ఉంది. కాని కండరాల నొప్పులని వైద్యునికైనా చెప్పకుండా ఆ మాత్ర మానేసేవారు ఉన్నారు. వారి గోడు ఏ జాబితాకూ ఎక్కలేదు.

వారివి ఉత్త అపోహలని కొట్టివేయడం సులభం. 2020లో లండన్ పరిశోధకులొక ఫలితం ప్రకటించారు. స్టాటిన్లు మానుకున్న 60 మందిని ఎంచుకుని, ఏడాదిలో నాలుగు నెలలు అసలు మాత్రలు, నాలుగు నెలలు మందు లేని ఉత్తుత్తి మాత్రలు, నాలుగు నెలలు ఖాళీ సీసాలు, వరుస కలిపి ఇచ్చారు. అసలు మాత్రతో కలిగిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ కలిగింది! రోగులు అబద్ధమాడారని కాదు. నొప్పి నొప్పే, కారణం మాత్రం చాలావరకు మందు కాదు. తమ లెక్కలు తాము చూసుకున్నాక వారిలో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు. నన్ను ఆలోచింపజేసినది ఆ 90 శాతం కాదు, ఈ సగం. ఓపికగా వివరించినందుకు దక్కిన ఫలమది.

ఆ ఓపిక మన ప్రభుత్వాసుపత్రుల ఓపీలో ఎక్కడిది? థైరాయిడ్ లోపమున్నదా, రోగి వాడే మరో మందుతో స్టాటిన్‌కు పొసగడం లేదా అని చూడాలి. కొన్నాళ్లు ఆపి, మోతాదు తగ్గించో, వేరొక స్టాటిన్‌కు మార్చో, రోజు విడిచి రోజు ఇచ్చో పరీక్షించాలి. అప్పటికీ పడకపోతే ఎజెటిమైబ్ ఉంది, బెంపెడోయిక్ ఆమ్లం ఉంది. స్టాటిన్లు పడని దాదాపు 14 వేల మందిపై జరిపి 2023లో వెల్లడించిన పరీక్షలో ఈ రెండవది గుండెపోటు వంటి ముప్పులను 13 శాతం తగ్గించింది. గౌట్ బెడద మాత్రం కొంత పెంచింది. కొత్త ఇంజెక్షన్లూ ఉన్నాయిగాని, వాటి ధర సామాన్యుని గుమ్మం తొక్కనీయదు.

2024 అక్టోబరులో 70 ఏళ్లు నిండినవారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ పథకాన్ని విస్తరించారు. ఈ మాత్రల అవసరం ఎక్కువగా ఉండేది ఆ వయసువారికే. ఆసుపత్రి బిల్లుకు పూచీపడిన కేంద్రం వారి నెలవారీ మందులకూ, స్టాటిన్ పడనివారికి ఇవ్వవలసిన ప్రత్యామ్నాయాలకూ వచ్చే బడ్జెట్టులోనైనా ఒక పద్దు తెరవాలి.