ఒకటి అంటే ఒకటి ఏమిటి?

భద్రాచలం వద్ద గోదావరి 43కు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది. అవి అడుగులని రేవులో పడవ నడిపేవారికీ తెలుసు. కనుకనే ఆ అంకెను నమ్మి జనం ఇళ్లు ఖాళీ చేస్తారు. కంప్యూటర్‌లో ధ్వని తరంగాలను అనుకరించి రంగుల పటాలు గీసే పండితులలో చాలామందికి ఈపాటి నియమం కూడా అక్కరలేదు. పటం పక్కన సున్న నుండి ఒకటి వరకు ఒక రంగుల పట్టీ ఉంటుంది. ఆ ఒకటి పాస్కలా, మీటరా, సెకనుకు మిల్లీమీటరా? చెప్పరు.

అడిగితే ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది: “సమీకరణం రేఖీయం. జనకాన్ని రెట్టింపు చేస్తే ఫలితమూ రెట్టింపవుతుంది. ఇక ప్రమాణాలెందుకు?” తరంగం ఎప్పుడు చేరుతుందో తెలుసుకోవడానికి ఈ వాదన చాలు. ఎంత బలంగా చేరుతుందో చెప్పడానికి చాలదు. ఎందుకంటే గోడకు ఓర్పు ఒక హద్దు వరకే. ఆ హద్దు మన ఇష్టం వచ్చినట్లు రెట్టింపు కాదు.

మణుగూరు, సత్తుపల్లి ఉపరితల గనుల పేలుళ్లనే తీసుకోండి. గనుల భద్రతా సంచాలకుల 1997 నాటి సర్క్యులర్ ప్రకారం, కంపనం 8 హెర్ట్జ్‌కు లోపు ఉన్నప్పుడు సామాన్యుల ఇళ్ల వద్ద నేల కదలిక సెకనుకు 5 మిల్లీమీటర్లు మించరాదు. ధ్వని అనుకరణ ఇచ్చేదేమో పీడనం. సమతల తరంగంలో పీడనమంటే సాంద్రత, తరంగవేగం, కణవేగాల లబ్ధం. ఘనమీటరుకు 2500 కిలోల సాంద్రత, సెకనుకు 3000 మీటర్ల తరంగవేగం గల రాతిలో ఆ 5 మిల్లీమీటర్లు 37,500 పాస్కళ్లకు సమానం. గాలిలో రెండే పాస్కళ్లు! ప్రమాణమూ మాధ్యమమూ చెప్పని అంకెతో ఏ గోడ నిలుస్తుందని తేల్చగలరు?

డెసిబెల్ అంటే సరిపోతుందనుకోకండి. అవే రెండు పాస్కళ్లు గాలి లెక్కలో 100 డెసిబెళ్లు, నీటి లెక్కలో 126. ఆధారపీడనం అక్కడ 20 మైక్రోపాస్కళ్లు, ఇక్కడ ఒకటి.

ఇన్‌పుట్ సంగతి మరీ అన్యాయం. పీడన తరంగ సమీకరణపు మామూలు రూపంలో బిందు జనకపు బలం మూడు పరిమాణాలలో పాస్కల్-మీటర్లు, రెండు పరిమాణాలలో పాస్కళ్లు. ఇది పట్టించుకోకుండా ఒక గడిలో “1” అని వేస్తారు. మూడు పరిమాణాలలో గడి భుజాన్ని సగం చేస్తే అదే “1” ఎనిమిదో వంతు బలానికి పడిపోతుంది. గనిలో మందు తగ్గలేదు. తగ్గింది గడి మాత్రమే.

కుంచం ఊరూరికీ మారిన రోజుల్లో కూడా కొలిచేవాడు తన కుంచాన్ని ఎదుట పెట్టి కొలిచాడు. వీరు దానినే దాచిపెట్టి ధాన్యం లెక్క చెబుతున్నారు. జనకం ప్రమాణమేదో, ఫలితం ప్రమాణమేదో, ఏ మాధ్యమంలోనో రాయని పటాన్ని పగుళ్లిచ్చిన గోడకు సమాధానంగా చూపే హక్కు ఎవరికీ లేదు.